కండలు ఎంత పెరిగినా బక్కగానే కనిపిస్తుంటే: చూసుకోవడం తగ్గించే పద్ధతి

చేతులు పదహారు అంగుళాలు దాటాయి. చొక్కా ఛాతీ దగ్గర గుండీలు బిగుసుకుంటున్నాయి. అయినా మే నెల ఎండలో లోపల రెండు బనియన్లు, పైన ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే తప్ప గడప దాటడు. బట్ట పలచనైతే బక్కోడని తెలిసిపోతుందని భయం. పెళ్లి భోజనానికి పిలిస్తే డబ్బాలో ఉడికించిన చికెన్ పట్టుకెళ్తాడు, లేదంటే వెళ్లడమే మానేస్తాడు. ఎంత కండ ఉన్నా బక్కగానే ఉన్నాననిపించే మజిల్ డిస్మార్ఫియా అనే జబ్బు ఉన్న మనిషి పైకి కనిపించే తీరు ఇది. చూసేవాళ్లకు క్రమశిక్షణ అనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఆపరు, మెచ్చుకుంటారు కూడా.

అమెరికన్ సైకియాట్రిస్టు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1993లో బాడీబిల్డర్లను పరిశీలిస్తూ దీన్ని పట్టుకున్నారు. బక్కగా ఉండి కూడా లావుగా ఉన్నామనుకునే అనొరెక్సియాకు ఇది తలకిందుల రూపమన్నారు. ఇప్పుడు వాడే పేరు 1997లో వచ్చింది. మానసిక జబ్బుల వర్గీకరణకు అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం వెలువరించే పుస్తకం డీఎస్ఎం-5 (2013) దీన్ని, ఒంట్లో లేని లోపాన్ని ఉన్నట్టు చూసుకుని బాధపడే బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్‌లో ఒక రకంగా గుర్తించి, ఓసీడీ (ఒకే ఆలోచన వెంటాడి, ఒకే పని పదే పదే చేయించే జబ్బు) వర్గంలో చేర్చింది. చికిత్స మొత్తం ఈ వర్గీకరణ మీదే నిలబడి ఉంది. ఓసీడీలో చేతులు కడిగేకొద్దీ మురికి పోయిందన్న నమ్మకం తగ్గుతుంది. ఇక్కడ అద్దంలో చూసుకునేకొద్దీ ఒంటి మీద నమ్మకం తగ్గుతుంది. కండ పెంచడం దీనికి విరుగుడు కాదు. పద్నాలుగు అంగుళాల దగ్గర మొదలైన బెంగ పదహారు దగ్గర ఆగదు, పద్దెనిమిది దగ్గరా ఆగదు.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో ఒళ్లు పెంచే చిట్కాలు లేవు, నిన్ను నువ్వు ప్రేమించుకో అనే బోధ కూడా లేదు. చూసుకోవడం, కొలుచుకోవడం, దాచుకోవడం, పక్కవాళ్లను అడగడం అనే నాలుగు పనులను వరసగా తగ్గించుకుంటూ రావడమే పని.

ముందు, ఇది ఇష్టమా జబ్బా?

వారానికి ఆరు రోజులు జిమ్‌కు వెళ్లడం జబ్బేమీ కాదు. తేడా గంటల్లో లేదు, మానేసిన రోజు ఏమవుతుందన్న దానిలో ఉంది. జ్వరం వచ్చి రెండు రోజులు మానేస్తే చిరాకు పడేవాడు వేరు. కండ కరిగిపోతోందని రాత్రంతా చేతులు తడుముకుంటూ కూర్చునేవాడు వేరు.

ఈ ప్రశ్నలకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. రోజు మొత్తం మీద ఒళ్లు గురించిన ఆలోచనలకు గంట కంటే ఎక్కువ పోతోందా? భుజం నొప్పితో డాక్టరు వద్దన్నా బెంచ్ ప్రెస్ చేశారా? ఒళ్లు కనిపిస్తుందని ఈతకో బీచ్‌కో వెళ్లడం మానుకున్నారా? జిమ్ టైముకు అడ్డమని ఉద్యోగమో పరీక్షో స్నేహమో వదులుకున్నారా? బాగానే ఉన్నావని చుట్టూ అందరూ అంటున్నా, వాళ్లు నా మనసు నొప్పించకుండా అంటున్నారనిపిస్తోందా? రెండు మూడింటికి అవునని వస్తే కింది పని మొదలుపెట్టవచ్చు. అన్నిటికీ అవుననే అయితే, లేదా స్టెరాయిడ్లు వాడుతుంటే, లేదా చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరును కలవడం ముందు, ఇది తర్వాత. డాక్టరు గురించిన భాగం కింద ఉంది, నేరుగా అక్కడికి వెళ్లండి.

మొదటి వారం: లెక్క రాయడం మాత్రమే

ఈ వారం ఏదీ మానొద్దు, మార్చొద్దు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఫోన్‌లో రాస్తే పక్కనే కెమెరా, రీల్స్ ఉంటాయి, కాబట్టి కాగితమే మేలు. ఒళ్లు చూసుకున్న ప్రతిసారీ ఒక వరస రాయాలి. టైము, ఏం చేశారు, బెంగ పదిలో ఎంత. అయిదు నిమిషాలకు మళ్లీ ఎంత, అరగంటకు ఎంత.

చూసుకోవడం అంటే అద్దం ఒక్కటే కాదు. బైక్ అద్దంలో భుజం, షాపు గాజు తలుపులో నీడ, లిఫ్టులో స్టీలు రేకు, వేళ్లతో మణికట్టు చుట్టూ పట్టి చూడడం, పడుకుని పొట్ట మడత లాగి చూడడం, చొక్కా చేతుల బిగుతును బట్టి లెక్కేయడం, పక్క బెంచీ కుర్రాడి చేతితో పోల్చుకోవడం, "మామా, ఈ నెల తగ్గానా?" అని అడగడం, అన్నీ దీని కిందికే వస్తాయి. రోజుకు పది సార్లు ఉంటుందేమో అనుకున్నవాళ్ల కాగితం మీద నలభై తేలడం మామూలే. కంగారు పడొద్దు, మొదటి లెక్క పెద్దదిగానే ఉంటుంది.

వారం తర్వాత ఆ మూడు అంకెలను చూడండి. చాలామందిలో ఒకే తీరు కనిపిస్తుంది. చూసుకున్న అయిదు నిమిషాలకు బెంగ కాస్త దిగుతుంది, అరగంటకల్లా మొదట ఉన్నచోటికో అంతకంటే పైకో వస్తుంది. కొందరికి ఆ అయిదు నిమిషాల ఊరట కూడా దొరకదు. ఈ పట్టిక మీ చేతిరాతలో ఉండడం ముఖ్యం. తర్వాతి వారాల్లో "ఒక్కసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది" అనిపించినప్పుడు తీసి చదవాల్సింది దీన్నే.

ఇక్కడ దారి తప్పే చోటు ఒకటుంది. కొందరు ఈ నోట్‌బుక్‌లోనే బరువు, చేతి కొలత, తిన్న ప్రొటీను రాయడం మొదలుపెడతారు. అలా చేస్తే జబ్బుకు కొత్త రిజిస్టరు తెరిచినట్టే. అందులో బెంగ అంకెలు తప్ప ఇంకే అంకే ఉండకూడదు.

తూకం, టేపు ఎందుకు అబద్ధం చెబుతాయి

కొలవడం మానమంటే ఊరికే మానలేరు. అది ఎందుకు పనికిరాదో లెక్కతో తెలియాలి.

మందులు వాడకుండా, బాగా తిని, సరిగా నిద్రపోయే కుర్రాడికి మొదటి ఏడాది నెలకు అర కిలో నుంచి కిలో దాకా కండ పెరిగితే గొప్ప. మూడో ఏడాదికల్లా ఏడాది మొత్తానికి రెండు కిలోలు వచ్చినా మంచి ఫలితమే. మొదటి ఏడాది లెక్కనే రోజులకు పంచితే రోజుకు పదిహేను నుంచి ముప్పై గ్రాములు. ఇప్పుడు మరోవైపు చూడండి. కండలో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. రాత్రి బిర్యానీ తింటే ఉప్పుతో, పిండిపదార్థంతో తెల్లారికి కిలో పెరుగుతారు. ఒక పూట అన్నం మానేసి చెమటోడ్చితే కిలోన్నర తగ్గుతారు. క్రియాటిన్ అనే సప్లిమెంటు పొడి మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒకటి రెండు కిలోల నీరు చేరుతుంది. రోజుకు కిలోన్నర ఊగే ముల్లు మీద ముప్పై గ్రాముల తేడా వెతుకుతున్నారన్నమాట. అది దొరకదు. దొరికింది అనిపించిన రోజు కూడా చూసింది నీటినే.

టేపుదీ అదే కథ. వేలెడు పైకో కిందికో జరిగితే, చెయ్యి బిగిస్తే, సెట్ అయిపోయిన వెంటనే కొలిస్తే అర అంగుళం మారుతుంది. పంప్ అంటే కండలోకి తాత్కాలికంగా చేరిన రక్తం, ద్రవం. గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. జిమ్‌లో చూసిన చెయ్యిని రాత్రి ఇంట్లో చూసిన చేతితో పోల్చి తగ్గిపోయానని ఏడ్చేవాళ్లు చాలామంది. తగ్గిందేమీ లేదు, పంప్ దిగింది అంతే.

రెండో వారంలో చేయాల్సింది: తూకం మిషను, టేపు, స్కిన్‌ఫోల్డ్ కాలిపర్ (చర్మం మడత కొలిచే పట్టకారు) ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేయండి. అటకమీద పెడితే మీరే ఎక్కి తీస్తారు. ఫోన్‌లో పాత ప్రోగ్రెస్ ఫొటోలు ఉంటే వెంటనే డిలీట్ చేయలేకపోతే, నమ్మకమైన స్నేహితుడికి పంపేసి మీ ఫోన్‌లో తీసేయండి. ఆ స్నేహితుడికి ఒక్కటే షరతు, మూడు నెలల దాకా అడిగినా ఇవ్వకూడదు. బలం పెరుగుతోందో లేదో తెలియాలనుకుంటే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుల్ అప్ అంకెలు చాలు. అవి ఒంటి ఆకారం గురించి ఏమీ చెప్పవు, అందుకే వాటికి అనుమతి.

అద్దం ముందు ఎలా నిలబడాలి

అద్దం పూర్తిగా మానడం పనికిరాదు. గుడ్డ కప్పేస్తే భయం అలాగే ఉండిపోతుంది, గుడ్డ తీసిన రోజు రెట్టింపవుతుంది. చూసే తీరు మార్చాలి.

రోజుకు ఒక్కసారి, అయిదు నిమిషాలు, ఫోన్‌లో అలారం పెట్టుకుని. మామూలు ట్యూబ్‌లైటు వెలుగు, మామూలు ఇంటి బట్టలు. జిమ్ నుంచి వచ్చిన గంటలోపు వద్దు. అద్దానికి మూడడుగుల దూరంలో, నిలువెత్తు మనిషి కనిపించేలా నిలబడండి. కండ బిగించకూడదు, ఊపిరి పట్టకూడదు, పక్కకు తిరగకూడదు, చేత్తో తడమకూడదు. జుట్టు నుంచి మొదలుపెట్టి పాదాల దాకా కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పండి. "జుట్టు నల్లగా ఉంది, నుదురు మీద చిన్న మచ్చ ఉంది, భుజాలు గుండ్రంగా ఉన్నాయి, కుడి మోచేతి దగ్గర నరం కనిపిస్తోంది, మోకాలి చర్మం కాస్త ముదురు రంగు." బక్క, లావు, చిన్న, తక్కువ, ఇంకా రావాలి లాంటి మాట నోట్లోకి వస్తే ఆపి, ఆ భాగాన్ని రంగుతోనో ఆకారంతోనో మళ్లీ చెప్పండి. ఛాతీకి, చేతులకు ఎంత సేపో చెవులకు, మోకాళ్లకు అంతే సేపు.

ఈ పని మొదటి మూడు నాలుగు రోజులు చాలా ఇబ్బందిగా ఉంటుంది. కళ్లు పదే పదే ఒకే చోటికి, ఎక్కువగా భుజాలకో పై ఛాతీకో, పరుగెడతాయి. ఈ జబ్బులో చూపు ఒక్క భాగానికి అతుక్కుపోయి మిగతా మనిషిని వదిలేస్తుంది. పై నుంచి కిందికి చూడమనేది అందుకే. ముఖం అద్దానికి ఆనించి దగ్గరగా చూడాలనిపిస్తే వెనక్కి ఒక అడుగు వేయండి. రెండు వారాలు చేశాక గడ్డం గీసుకోవడానికి, తల దువ్వుకోవడానికి తప్ప అద్దం అక్కర్లేని స్థితికి మెల్లగా వస్తారు.

జిమ్‌లో అద్దాలు తప్పించుకోలేరు. స్క్వాట్‌లో నడుం వంగుతోందో లేదో చూసుకోవడానికి అద్దం మంచిదే. సెట్ అవగానే అద్దానికి వీపు తిప్పి గోడ గడియారం చూస్తూ విశ్రాంతి తీసుకోండి. చొక్కా ఎత్తి చూసుకునే అలవాటుంటే పొడుగు టీషర్టు ప్యాంటులో దోపుకుని వెళ్లండి.

మిగతా చూసుకోవడాలను ఒక్కసారిగా సున్నా చేయాలని పట్టుపట్టొద్దు. లెక్కలో నలభై ఉంటే తగ్గించడం మొదలుపెట్టిన వారం ముప్పై, తర్వాత ఇరవై, ఆపైన పది. ఆపుకోలేనప్పుడు వాయిదా వేయండి. "పావుగంట తర్వాత చూసుకుంటా" అని అలారం పెట్టండి. అలారం మోగేసరికి సగం సార్లు కోరిక చల్లబడి ఉంటుంది. చల్లబడకపోతే ఇంకో పావుగంట.

మెట్లు ఎక్కడం

దాచుకోవడం తగ్గించడానికి భయపడే సందర్భాల జాబితా రాసి, ఒక్కోదానికి నూటికి ఎంత భయమో మార్కులు వేయాలి. ఉదాహరణకు ఇలా ఉండొచ్చు. ఇంట్లో ఒక్క బనియన్‌తో కూర్చోవడం 25. ఒక్క చొక్కాతో, లోపల అదనపు బనియన్ లేకుండా కిరాణా కొట్టుకు వెళ్లడం 35. పొట్టి చేతుల టీషర్టుతో ఆఫీసుకు 50. బంధువుల పెళ్లిలో బంతిలో కూర్చుని వడ్డించింది తినడం 60. వరుసగా మూడు రోజులు జిమ్ మానడం 75. విశాఖ ఆర్కే బీచ్‌లోనో ఊరి చెరువులోనో చొక్కా లేకుండా స్నేహితులతో దిగడం 90.

కింద నుంచి మొదలుపెట్టండి. వెళ్లే ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక్క వాక్యం రాయండి. అది తేల్చి చెప్పగలిగేలా ఉండాలి. "అందరూ నన్నే చూస్తారు" అంటే తేలదు. "కొట్లో కనీసం ముగ్గురు నా చేతుల వంక చూసి ఏదో ఒకటి అంటారు" అంటే తేలుతుంది. తిరిగొచ్చాక జరిగింది రాయండి. ఒక్కో మెట్టును వారంలో నాలుగైదు సార్లు చేయాలి, ఒక్కసారి చేసి వదిలేస్తే అదృష్టం బాగుందనుకుంటుంది మనసు.

ఈ పని దెబ్బతినేది దొంగ రక్షణల వల్ల. టీషర్టుతో వెళ్తారు గానీ చేతులు కట్టుకుని కండ పైకి ఉబ్బేలా నిలబడతారు. లేదా బయల్దేరే ముందు యాభై పుష్ అప్‌లు తీస్తారు. పెళ్లిలో తింటారు గానీ మర్నాడు రెండు గంటలు అదనంగా కార్డియో చేస్తారు. అలా చేస్తే మనసుకు "పుష్ అప్‌ల వల్లే పరువు దక్కింది" అనే పాఠం మిగులుతుంది. ఆ మెట్టును లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ చేయాల్సిందే.

జిమ్ మానే మెట్టు గురించి ఒక మాట. రెండు మూడు వారాలు పూర్తిగా ఆపినా కండ పెద్దగా పోదు. మొదట పోయేది గ్లైకోజన్, నీరు. అందుకే మెత్తబడినట్టు అనిపిస్తుంది, తిరిగి మొదలుపెట్టిన వారంలోనే ఆ నిండుతనం వచ్చేస్తుంది.

వ్యాయామానికి, తిండికి పై హద్దు

జిమ్ మానమని ఎవరూ చెప్పరు. ఇన్నాళ్లూ కనీసం ఎంత చేయాలన్న లక్ష్యాలే పెట్టుకున్నారు, ఇకమీదట ఇంతకు మించకూడదన్న హద్దు పెట్టుకోవాలి. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట. ఒక్కో పెద్ద కండరానికి వారం మొత్తం మీద పది నుంచి ఇరవై సెట్లు చాలు. గంట అవగానే మధ్యలో ఉన్నా సెట్ ముగించి బయటపడాలి. నొప్పి ఉన్న కీలు మీద బరువు వేయకూడదు. రోజుకు రెండు సార్లు వెళ్లడం, అర్ధరాత్రి గదిలో డంబెల్స్ ఎత్తడం బంద్.

ప్రొటీను కిలో బరువుకు 1.6 గ్రాములు దాటితే కండకు అదనంగా ఒరిగేది చాలా తక్కువ. డెబ్బై కిలోల మనిషికి సుమారు 112 గ్రాములు. కోడిగుడ్డులో ఆరు గ్రాములు, వండిన చికెన్ బ్రెస్ట్ వంద గ్రాములకు ముప్పై, కప్పు గట్టి పప్పుకు ఏడెనిమిది, వే ప్రొటీన్ ఒక స్కూప్‌కు ఇరవై నాలుగు దాకా వస్తాయి. ఇంట్లో వండే పప్పు, పెరుగు, గుడ్లు, చికెన్‌తోనే చాలావరకు సరిపోతుంది. ఈ లెక్క ఒక్కసారి తెలుసుకుని వదిలేయండి. కిచెన్ తూకం మీద అన్నం తూచే అలవాటును టేపుతో పాటే పంపేయాలి. రోజుకు ఒక్క పూటైనా అమ్మ వండింది, అందరితో కూర్చుని, ఎంత నూనె పోసిందని అడగకుండా తినడం కూడా పైన చెప్పిన మెట్లలో ఒకటి.

ఏడాది పొడుగునా పొట్ట మీద గీతలు కనిపించాలని పట్టుబట్టేవాళ్లకు: తిండి బాగా తగ్గించి కొవ్వును మరీ కిందికి దించితే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. నిద్ర చెడుతుంది, చలి ఎక్కువవుతుంది, లైంగిక కోరిక తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి. 2007 ప్రాంతం నుంచి తెలుగు తెర మీద సిక్స్ ప్యాక్ మామూలైంది. ఆ షాట్ కోసం ఎన్నో నెలల డైట్, షూటింగు ముందు ఉప్పు, నీళ్ల తగ్గింపు, షాట్‌కు నిమిషం ముందు పుష్ అప్‌లు, ఒంటికి నూనె, పై నుంచి పడే లైటు, చివర్లో కలర్ దిద్దడం ఉంటాయి. ఆ ఒళ్లు ఆ రోజుదే.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ సంగతి క్లుప్తంగా. ట్రాన్స్‌ఫర్మేషన్ అకౌంట్లన్నిటినీ ఒక్క రోజు కూర్చుని అన్‌ఫాలో చేయండి. తర్వాత కూడా రీల్స్‌లో అవి వస్తే ప్రతిసారీ "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కండి. కోపంతో చూసినా, పోల్చుకుంటూ చూసినా మీరు ఎంతసేపు ఆగారన్నదే యాప్ లెక్కపెడుతుంది. రెండు వారాలు పట్టుదలగా చేస్తే ఫీడ్ మారుతుంది.

సూది, గోలీ దాకా వెళ్లి ఉంటే

జిమ్ మూలన "సైకిల్" పేరుతో అమ్మే టెస్టోస్టిరాన్ ఎనాంథేట్, డెకా, డయానాబాల్, ట్రెన్, విన్‌స్ట్రాల్ అన్నీ అనబాలిక్ స్టెరాయిడ్లే. బయటి నుంచి హార్మోన్ రాగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, వృషణాలను పనిచేయించే హార్మోన్లైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోవచ్చు. కొంత హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ము గ్రంథి పెరుగుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె గోడ మందమవుతుంది. నోటి గోలీలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. సూదులు పంచుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి.

మెఫెంటర్మిన్ గురించి విడిగా చెప్పాలి. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే అనస్తీషియా డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్ ఇది. వర్కవుట్‌కు ముందు ఊపు కోసం దీన్ని ఎక్కించుకునే అలవాటు మన దగ్గర పాకింది. కండను ఒక్క గ్రాము కూడా పెంచదు. గుండె దడ, బీపీ పేలిపోవడం, నిద్ర పట్టకపోవడం, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమలు, తీవ్రమైన అలవాటు దీని ఫలితాలు.

స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా ఆపొద్దు. ఆపాక సొంత హార్మోన్ తిరిగి మొదలవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది, ఎక్కువ కాలం వాడినవాళ్లకు ఏడాది దాటవచ్చు. ఆపాక గడిచే ఆ నెలల్లో ఒళ్లు తగ్గడం, నీరసం, దిగులు ఒకేసారి మీద పడతాయి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే. మళ్లీ సూది వైపు తిరిగేదీ అప్పుడే. ఎండోక్రైనాలజిస్టు, సైకియాట్రిస్టు ఇద్దరి పర్యవేక్షణలో ఆపాలి. చేయించాల్సిన పరీక్షలు: పూర్తి రక్తపరీక్షలో హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం), లిపిడ్ ప్రొఫైల్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, ఉదయం ఎనిమిది పది మధ్య పరగడుపున టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయాల్ (ఒక ఈస్ట్రోజెన్), బీపీ, ఈసీజీ, ఎకో. పిల్లలు కావాలనుకునేవాళ్లకు వీర్యపరీక్ష. రక్తం ఇవ్వడానికి వారం ముందు నుంచి బరువులు ఎత్తకండి. బరువులు ఎత్తినా కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరుగుతాయి, అప్పుడు కాలేయం దెబ్బతిందో కండ అలసిందో తేలదు. జీజీటీ అనే మరో కాలేయ పరీక్ష కూడా చేయిస్తే ఆ తేడా తెలుస్తుంది. కండ ఎక్కువ ఉన్నా, క్రియాటిన్ వాడినా మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, డాక్టరుకు ముందే చెప్పండి.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

ఎక్కువమంది నీరసమనో, నిద్ర రావడం లేదనో జనరల్ డాక్టరును కలిసి విటమిన్ గోలీలతో తిరిగొస్తారు. అసలు విషయం చెప్పరు, ఆయన అడగడు. మగవాడు ఒళ్లు గురించి బాధపడుతున్నానని చెప్పడానికి సిగ్గుపడతాడు, మన దగ్గర ఆ సిగ్గు మరీ బరువైనది. ఆ సిగ్గు దాటడానికి, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వండి. ఇంత చాలు: "నా ఒళ్లు బక్కగా ఉందన్న ఆలోచన రోజుకు ఇన్ని గంటలు వస్తోంది. ఇన్నిసార్లు చూసుకుంటున్నాను. వీటిని మానుకున్నాను. ఈ మందులు ఇంత కాలం వాడాను. నాకు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ ఉందేమో చూడండి." మొదటి వారం రాసిన నోట్‌బుక్ కూడా ఇవ్వండి. స్టెరాయిడ్ సంగతి దాచొద్దు. డాక్టరు పోలీసు కాదు, దాచితే ఇచ్చే మందు తప్పుతుంది.

చికిత్స రెండు రకాలు, చాలాసార్లు రెండూ కలిపి. ఒకటి సీబీటీ (ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల చికిత్స), అంటే పైన చెప్పిన పనులనే శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు పక్కనుండి చేయించడం. వారానికొకసారి చొప్పున అయిదారు నెలలు పడుతుంది. రెండోది ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు. దిగులుకు ఇచ్చే దానికంటే ఇక్కడ డోసు తరచూ ఎక్కువ ఉంటుంది, ఫలితం తెలియడానికి పన్నెండు వారాలు దాకా ఆగాలి. మూడో వారంలో గుణం లేదని మానేయడం అందరూ చేసే తప్పు. లైంగిక ఇబ్బంది వస్తే చెప్పి డోసో మందో మార్పించుకోవచ్చు, సొంతంగా ఆపొద్దు. బాడీ డిస్మార్ఫియా ఉన్నవాళ్లకు కాస్మెటిక్ సర్జరీ ఊరట ఇవ్వడం అరుదు, బెంగ ఇంకో భాగానికి మారుతుంది. ఛాతీ ఇంప్లాంట్లకు, లైపోసక్షన్‌కు డబ్బు కట్టేముందు సైకియాట్రిస్టును కలవండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే 112కు చేయండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ అవసరానికి 988.

ఇంట్లోవాళ్లు, కోచ్‌లు

"ఏంట్రా, ఇలా చిక్కిపోయావ్?" అనేది మన దగ్గర పలకరింపు. "ఊదితే ఎగిరిపోయేలా ఉన్నావ్", "పుల్లలా ఉన్నావ్, పిల్లనెవరిస్తారు" అనేవి హాస్యం. పన్నెండేళ్ల పిల్లాడి మీద పడిన ఈ మాటలు పాతికేళ్లకు కూడా లోపల ఉంటాయి. ఇంటికొచ్చిన మనిషి ఒంటి గురించి ఏ వ్యాఖ్యా చేయకపోవడం, మంచిదైనా సరే, ఈ ఇంట్లో నియమం చేసుకోవాలి. "భలే పెరిగావురా" అంటే తర్వాతి సారి ఆ మాట రాకపోతే తగ్గానన్న లెక్క మొదలవుతుంది.

వాడు "అమ్మా, సన్నబడ్డానా?" అని అడిగితే "లేదు నాన్నా, బాగున్నావు" అని చెప్పాలని మనసు లాగుతుంది. ఆ జవాబు అయిదు నిమిషాల ఊరట, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ముందే ఇద్దరూ మాట్లాడుకుని ఒక జవాబు ఖాయం చేసుకోండి: "ఆ ప్రశ్నకు జవాబు చెప్పనని అనుకున్నాం కదా నాన్నా. బెంగగా ఉందా? రా, ఇలా కూర్చో." ప్రశ్నను వదిలేసి మనిషిని పట్టుకోవడం అన్నమాట. కోపంతో అనకూడదు, ఎగతాళి అసలే వద్దు. మొదటి వారం ప్రశ్నలు ఎక్కువవుతాయి, రెండు మూడు వారాలకు తగ్గుతాయి. "నీకేం తక్కువరా, పిచ్చి పట్టిందా" అనే వాదన వల్ల ఇంతవరకు ఎవరికీ తగ్గలేదు. కనిపించే తీరు మీద వాదించొద్దు. "నిద్రపోవడం లేదు, బయటికి రావడం లేదు, మాకు భయంగా ఉంది" అని వాడి బతుకు మీద మాట్లాడండి.

కోచ్‌లు చేయగలిగింది ఎక్కువే. నొప్పితో వచ్చినవాడిని వెనక్కి పంపాలి. వారం వారం తూకం, ఫొటో అడగకూడదు. గోడ మీద ముందు, తర్వాత బొమ్మలు తీసేసి ఎవరెంత బరువు ఎత్తారో రాయవచ్చు. "నాచురల్‌గా రాదు బ్రో" అని సూది వైపు తోసే వ్యక్తి జిమ్‌లో ఉంటే అతన్ని పంపించేయాలి.

మళ్లీ వస్తే

గాయమై రెండు నెలలు జిమ్‌కు దూరమైనప్పుడు, సంబంధం చెడినప్పుడు, పెళ్లిచూపులు కుదిరినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు పాత అలవాట్లు తలెత్తుతాయి. ముందు తిరిగొచ్చేది సాధారణంగా చిన్నదే, లిఫ్టు రేకులో భుజం చూసుకోవడమో ఆన్‌లైన్‌లో కొత్త టేపు కొనడమో. మీ విషయంలో ఆ మొదటి గుర్తు ఏమిటో ఇప్పుడే నోట్‌బుక్ చివరి పేజీలో రాసి, ఇంట్లో ఒకరికి చూపించండి. అది వరసగా మూడు రోజులు కనిపిస్తే లెక్క రాయడం మళ్లీ మొదలుపెట్టండి, ఒక మెట్టు కిందికి దిగి అక్కణ్నుంచి ఎక్కండి. రెండు వారాల్లో అదుపులోకి రాకపోతే సైకాలజిస్టుకు ఫోన్ చేసి ఒకటి రెండు సెషన్లు అడగండి. మందులు వాడుతున్నవాళ్లు బాగున్నామని ఏడాదిలోపు ఆపొద్దు. ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు, నెలల మీద కొంచెం కొంచెంగా.